విశాఖ వీధుల ధూళి

విశాఖపట్టణములో వన్‌టౌన్ అని జనులు పిలుచు పాతపేటలలో ఏ యింటనైనను సరే, తెల్లవారగానే కిటికీ గట్టును తడిగుడ్డతో ఒక్కమారు తుడిచి చూచినచో, గడచిన ఇరువదినాలుగు గంటలలో ఆ నగరమున ఏయే పనులు జరిగినవో ఆ గుడ్డయే సాక్ష్యము చెప్పును. అందు నల్లగా మెరయు నలుసులు రేవులో దిగిన బొగ్గువి; ఎర్రని ఛాయ కలవి ఇనుపఖనిజమువి; బూడిదవన్నెతో మెత్తగా వ్రేలికి అంటుకొనునది వీధిలోని మన్ను; గుడ్డ ఆరిన పిమ్మట అంచులలో తెల్లగా పొడిబారి కనబడునది సముద్రము పంపిన ఉప్పు. ఇల్లాలు ఉదయము తుడిచినదానిని సాయంకాలము మరల తుడుచును. డాబామీద తెల్లబట్టలు ఆరవేయవలసి వచ్చినప్పుడు గాలి ఏవైపునుండి వీచుచున్నదో ముందుగా చూచుకొనును. ఆ పేటలోని బంధువుల యింట పలుమారులు అతిథిగా నుండి, ఆ తడిగుడ్డను పలుమారులు చూచి, ఈ ధూళి ఎక్కడినుండి వచ్చుచున్నది, దీనిని ఆపుట ఎవరి పని, అందులో నగరపాలక సంస్థ చేయగలిగినది ఎంత అని విచారింపగా తెలిసినదానిని ఇచ్చట వ్రాయుచున్నాను.

కంటికి కనబడు ఆ నల్లని నలుసు బట్టలకు శత్రువేకాని ఊపిరితిత్తులకు అంత శత్రువు కాదనుట మొదట వినుటకు వింతగా నుండును. తలవెండ్రుక మందము సుమారు 60, 70 మైక్రానులు. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. అంతటి పరిమాణము గల రేణువు మనము పీల్చుకొన్నను ముక్కులోని రోమములయొద్దను, గొంతులోని తడియొద్దను చిక్కుకొని, చీమిడితోనో కఫముతోనో బయటికి వచ్చివేయును. 10 మైక్రానులకు లోబడినది గొంతు దాటి శ్వాసనాళములలోనికి ప్రవేశింపగలదు. 2.5 మైక్రానులకు లోబడినదో, ఆ నాళములు కొమ్మలై రెమ్మలై చీలుచు పోగా చిట్టచివర ద్రాక్షగుత్తులవలె నుండు గాలితిత్తుల వరకు దిగిపోవును. అందును అతిసూక్ష్మములైనవి ఆ పలుచని గోడను దాటి రక్తములో కలియును. అందుచేతనే సన్నధూళి వలని వ్యాధులలో ఉబ్బసము, దగ్గులతోపాటు గుండెపోటును పక్షవాతమును లెక్కకు వచ్చుచున్నవి. మన దేశమున 2009లో నిర్ణయించిన ప్రమాణము ప్రకారము ఘనమీటరు గాలిలో 10 మైక్రానుల ధూళి ఏడాది సగటున 60 మైక్రోగ్రాములకును, 2.5 మైక్రానుల ధూళి 40 మైక్రోగ్రాములకును మించరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన హద్దులు క్రమముగా 15, 5 మాత్రమే. ఈ రెండు హద్దులకు నడుమనున్న అంతరమును చూచినచో, మన ప్రమాణమును చేరిన నగరము సైతము ఆరోగ్యకరమైన గాలికి చాల దూరముననే ఉన్నదని తెలియును.

విశాఖ నగరపు నైసర్గిక స్వరూపమే ఈ సమస్యను జటిలము చేయుచున్నది. దక్షిణమున యారాడ కొండ డాల్ఫిన్స్ నోస్ అను పేర సముద్రములోనికి ముక్కు చాచియున్నది. ఉత్తరమున కైలాసగిరి, సింహాచలము శ్రేణి గోడ కట్టినట్లున్నవి. నడుమ పల్లములో నగరము. ఆ పల్లము యొక్క నోటిలో, 1933 డిసెంబరు 19న లార్డ్ విల్లింగ్డన్ ప్రారంభించిన రేవు. రేవును చూచి చమురుశుద్ధి కర్మాగారము వచ్చినది, ఎరువుల కర్మాగారము వచ్చినది, ఉక్కు కర్మాగారము వచ్చినది. ఇవి ఏవియు నేడు ఊరికి దూరముగా లేవు, వచ్చినప్పుడు దూరముగా నున్నవానిచుట్టును ఊరే పెరిగి చేరుకొన్నది. పగటివేళ నేల వేడెక్కి గాలి పైకి లేవగా, ఆ ఖాళీని నింపుటకు సముద్రమునుండి చల్లగాలి వీచును. ఆ గాలినే మనము సాయంకాలము బీచిరోడ్డున కూర్చుండి హాయి యని అనుభవింతుము. కాని అదే గాలి రేవుమీదుగా వచ్చునప్పుడు బొగ్గుగుట్టల పైపొరను గీరుకొని వచ్చి పాతపేటలపై చల్లును.

ఎత్తైన పొగగొట్టముల విషయములో ఇంకొక సూక్ష్మమున్నది. పొగగొట్టమును ఎత్తుగా కట్టినచో పొగ పైపైననే పోవునని సామాన్యముగా అందరము అనుకొందుము. తీరప్రాంతమున అది అన్నివేళల నిజము కాదు. సముద్రమునుండి వచ్చు గాలి చల్లనిది, స్థిరమైనది. అందులో కలిసిన పొగ చదునైన పట్టీవలె సాగి నేలమీదికి చేరదు. కాని ఆ గాలి వేడినేలమీద నడచుకొలది అడుగునుండి కాగుచు, సుడులు తిరుగు ఒక పొర నేల నంటి పుట్టి, లోపలికి పోయినకొలది ఎత్తు పెరుగును. తీరమున చదునుగా బయలుదేరిన పొగ కొంతదూరము పోయిన పిమ్మట ఈ పొరను తాకును. తాకినంతనే సుడులు దానిని పట్టి నేలకు దింపివేయును. పొగగొట్టము ప్రక్కనే యున్న యింటికి తెలియని పొగ, కొన్ని మైళ్ళ లోపలనున్న పేటకు మధ్యాహ్నపువేళ హఠాత్తుగా తెలియుట ఇందువలననే.

ఇక చలికాలపు వేకువలో జరుగునది దీనికి భిన్నము. రాత్రి నేల తన వేడిమిని ఆకాశమునకు వదలి చల్లబడగా, దానినంటిన గాలియు చల్లబడి బరువెక్కును. పైనున్న గాలి దానికంటె వెచ్చగా నుండి మూతవలె పనిచేయును. మధ్యాహ్నము ఒక కిలోమీటరుకు పైబడిన ఎత్తువరకు కలియగలిగిన పొగ అప్పుడు నూరు, ఇన్నూరు మీటర్ల లోపలనే తిరుగాడవలసివచ్చును. కొండల నడుమ పల్లమగుటచే ప్రక్కలకును దారి లేదు. భోగినాటి తెల్లవారుజామున వీధివీధిని మంట వేయునది సరిగా ఈ ఘడియలోనే. కట్టెలు, పిడకలు, పాతచాపలు కాల్చిన కాలమున ఆ పొగ పిల్లల కన్నులు మండించి ఊరకొనెడిది. నేడు ఆ మంటలో పాతటైరును ప్లాస్టిక్కు కుర్చీయు పడుచున్నవి. పండుగను మానుమని నేనెన్నడు అనను. భోగిమంటలో టైరు వేయవలదని మాత్రము ప్రతి యింటి పెద్దను చేతులు జోడించి వేడుకొందును.

వీథిధూళి పాలకుని బాధ్యత యను భావము మనకు క్రొత్తది కాదు. కౌటిల్యుడు అర్థశాస్త్రమున నగరాధికారియైన నాగరకుని విధులను చెప్పుచు, వీథిలో దుమ్ము పోసినవానికి పణమను నాణెములో ఎనిమిదవ వంతును, బురదనీటిని నిలిపి దారి కడ్డము చేసినవానికి నాలుగవ వంతును దండుగ విధింపవలెననియు, అదే రాజమార్గమున చేసినచో దానికి రెట్టింపనియు నిర్ణయించెను. దుమ్మునకును బురదకును వేర్వేరు వెలలు కట్టిన ఆ సూక్ష్మదృష్టి నన్ను నేటికిని ఆశ్చర్యపరచును. నేటి చట్టమున అధికారము అంత సూటిగా ఒకరి చేతిలో లేదు. 1981 నాటి వాయుకాలుష్య నివారణ చట్టము పొగగొట్టములను రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి అప్పగించినది. రేవు కేంద్రప్రభుత్వము క్రిందిది. వాహనముల పొగ రవాణాశాఖది. జాతీయ రహదారి మరియొకరిది. 1992లో జరిగిన 74వ రాజ్యాంగ సవరణ పన్నెండవ షెడ్యూలులో పురపాలకములకు పదునెనిమిది విధులను చూపినది. వీధులు, పారిశుద్ధ్యము, చెత్త, శ్మశానములు, తోటలు, పట్టణవనములు, పర్యావరణ రక్షణ అందులోనివి. 2010 జనవరిలో దేశమున మిక్కిలి కలుషితములని తేలిన 43 పారిశ్రామిక ప్రాంతములలో క్రొత్త పరిశ్రమలను కేంద్రము నిలిపివేసినప్పుడు ఆ జాబితాలో విశాఖ యుండెను. 2019 జనవరిలో జాతీయ స్వచ్ఛవాయు కార్యక్రమము ప్రారంభమైనప్పుడు, ప్రమాణమును అందుకోలేని నగరముల తొలిజాబితాలోను విజయవాడ, గుంటూరు, నెల్లూరు, కర్నూలులతోపాటు విశాఖ యుండెను. మొదటి సందర్భమున బాధ్యత పరిశ్రమలది. రెండవసారి కార్యప్రణాళిక వ్రాసి, నిధులు తీసికొని, ఫలితము చూపవలసిన భారము ప్రధానముగా నగరపాలక సంస్థ మీద పడినది.

ఫలితము చూపవలెననగా కొలవవలెను గదా. ఆ కొలుచు విధానము నాకు మిక్కిలి ప్రీతికరమైనది. డాబామీద నిలువెత్తు పెట్టెవంటి యంత్రముండును. అందులో తెల్లని గాజునార కాగితమొకటి అమర్తురు. అమర్చుటకు ముందు ఆ కాగితమును తేమ లేనిచోట ఒకనాడుంచి, సున్నితపు త్రాసులో తూచి, అంకె వ్రాసికొందురు. యంత్రము నిమిషమునకు ఒక ఘనమీటరుకు పైగా గాలిని ఆ కాగితముగుండ పీల్చును. ఎనిమిది గంటల పిమ్మట తీసినచో, మల్లెపూవువలె వెళ్ళిన కాగితము తడిసిన సిమెంటు రంగులో వచ్చును. దానిని మరల ఆరబెట్టి తూచి, పెరిగిన బరువును గాలి పరిమాణముతో భాగింతురు. ఘనమీటరుకు 100 మైక్రోగ్రాముల ధూళి ఉన్ననాడు ఆ పెరుగుదల 50 మిల్లీగ్రాములకు కొంచెము పైన, అనగా ఇంచుమించు రెండు బియ్యపుగింజల బరువు! అంత స్వల్పమును పట్టుకొనుటకే అంత శ్రమ. ఇట్లు వారమునకు రెండుదినముల చొప్పున ఏడాదికి 104 సార్లు కొలిచి సగటు తీయుదురు. ఇదిగాక గంటగంటకు తానే కొలిచి తెలుపు నిరంతర కేంద్రములున్నవి. విశాఖలో అట్టిదొకటి నగరపాలక సంస్థ పేరనే జాతీయ పటములో నమోదైయున్నది. అందులో కొన్ని యంత్రములు ధూళి పడిన పట్టీగుండ బీటా కిరణములను పంపి, ఎన్ని కిరణములు అడ్డగింపబడినవో చూచి బరువును లెక్కగట్టును. 2015 నుండి ఈ కొలతలన్నిటిని ప్రజలకు ఒక్క అంకెగా గాలినాణ్యత సూచిక పేర చెప్పుచున్నారు. ఎనిమిది కాలుష్యములలో ఏది ఆనాడు అన్నిటికంటె చెడ్డగా నున్నదో దాని అంకెయే సూచిక యగును. కనుక పత్రికలో 120 అని చూచినప్పుడు, దేనివలన 120 అను ప్రశ్న వేసికొనినగాని దాని అర్థము పూర్తి కాదు.

వీథి స్వయముగా ఒక పొగగొట్టమువంటిదని చెప్పినచో అతిశయోక్తివలె తోచవచ్చును. కాని నగరముల ధూళిలో పెద్దపాలు వీథినుండియే లేచుచున్నది. రోడ్డుమీద పేరుకొన్న మన్నులో 75 మైక్రానులకు లోబడిన పొడి చదరపుమీటరుకు ఎన్ని గ్రాములున్నదో చీపురుతోను జల్లెడతోను తూచి చూతురు. అమెరికా పర్యావరణ సంస్థ వాడు సూత్రము ప్రకారము ఆ పొడి సగమైనచో చక్రముల వెంట లేచు ధూళియు ఇంచుమించు సగమగును, వాహనముల సగటుబరువు రెట్టింపైనచో ధూళియు రెట్టింపగును. నిండుబరువుతో ఇరువదియెనిమిది టన్నులు తూగు పదిచక్రముల లారీ పోయిన వెనుక, మోటారుసైకిలుపై వచ్చువాడు కన్నులు మూసికొని బండి నడుపుట ఈ సూత్రమునకు వీధిలోని నిరూపణము. ఒక్కసారి లేచిన ధూళి మరల నేలకు చేరి, తరువాతి చక్రము క్రింద ఇంకను నలిగి, ఇంకను సన్ననై మరల లేచును. రేవునుండి ఎగిరివచ్చిన బొగ్గుపొడి రోడ్డుమీద పడిన క్షణమున రేవుది కాక నగరపాలక సంస్థది యగుచున్నదని నేననుట ఇందుచేతనే. దానిని తీసివేయనంతకాలము అది ఎన్ని మారులు గాలిలోనికి లేచునో లెక్క లేదు.

రోడ్డుమీది పొడి ఎక్కడినుండి వచ్చును? తారు వేసిన భాగమునకును కాలువకును నడుమ ఖాళీగా వదలిన మట్టిపట్టీనుండి. ఇల్లు కట్టువారు వీధిలో పోసికొన్న ఇసుకనుండి. టార్పాలిను కప్పని లారీనుండి. కట్టడపు స్థలములోని బురదను చక్రములకు పట్టించుకొని బయటికి వచ్చు టిప్పరునుండి. వీనిలో నన్ను మిక్కిలి బాధించునది వేరొకటి కలదు, అది మన పురపాలకములు తమ చేతులతో తామే చేయునది. మురుగుకాలువలోని పూడిక తీసి, కాలువగట్టుననే కుప్పగా పోసి, నీరు ఓడ్చుకొనుటకని రెండుమూడు దినములు అట్లే వదలివేయుదురు. మొదటి దినమున అది నల్లని బురద. రెండవనాటికి పైన పెచ్చుకట్టును. మూడవనాటికి స్కూటరు చక్రములు అంచులను నలిపి, కుప్ప సగమై, మిగిలిన సగము వీధిపొడవునను పరచుకొనియుండును. కాలువలోని మలినమునందున్న సూక్ష్మజీవులతో సహా ఆ పొడి ఆ వీధి పిల్లల ముక్కులలోనికి పోవును. లారీ వచ్చి ఎత్తుకొనిపోవునది ఆ మిగిలినదానిని.

ఒకనాటి వేకువ పూర్ణామార్కెటు ప్రాంతమున ఇట్టి కుప్పప్రక్కన చీపురుతో వీధి ఊడ్చుచున్న పారిశుద్ధ్య కార్మికురాలు, ముక్కుకు చీరచెంగు బిగించుకొని, నేను నిలిచి చూచుట గమనించి చెప్పిన మాట ఇది: “ఏటి సేస్తాం బాబూ, కాలవలోంచి తీసిందే మళ్ళీ మా ముక్కులోకి ఎల్తాది. తడి మీదుండగా ఎత్తీసుకెల్లిపోతే ఇంత దుమ్ము నేదు.” ధూళిశాస్త్రము చెప్పునది ఈ రెండు వాక్యములకు మించి ఎక్కువ లేదు. తడి యున్నంతవరకు నీటిపొర రేణువును రేణువుతో కట్టివేసియుంచును. ఆ నీరు ఆరినంతనే కట్టు వీడి ప్రతి రేణువు విడివిడిగా గాలికి దొరకును. ఆమె ఊడ్చుచున్నది వేకువ. అనగా ముందు చెప్పిన గాలిమూత ఇంకను తొలగని వేళ. వీధి శుభ్రమగుచున్నమాట నిజమే; ఆ శుభ్రతకు వెల నగరమున అందరికంటె ముందుగా, అందరికంటె అధికముగా చెల్లించునది చీపురు పట్టిన ఆ స్త్రీ.

అందుకొరకే నేడు నగరములు గాలితో పీల్చి ఊడ్చు యంత్రములను కొనుచున్నవి. బీచిరోడ్డువంటి వెడల్పైన మార్గమున, అంచుకు రాతికట్టు కలిగి, బండ్లు నిలిపియుంచనిచోట ఆ యంత్రము చక్కగా పనిచేయును. వన్‌టౌను సందులో, అంచున మట్టి, ఇరువైపుల నిలిపిన బండ్లు ఉన్నచోట అది నడిమిభాగమును మెరుగుపెట్టి పోవును; పొడి ఉండునదో అంచులలో. కావున యంత్రమునకు ముందు అంచు కావలెను. తారునకును కాలువకును నడుమ మట్టి కనబడకుండ రాయి పరచుటో, గడ్డి పెంచుటో చేసి, ఆ పిమ్మట యంత్రమును త్రిప్పినచో దాని వెల గిట్టుబాటగును. నీళ్ళబండితో తడుపుటయు అట్టిదే; మండువేసవిలో ఆ తడి గంటసేపు నిలుచుట గగనము, ఆరిన పిమ్మట ధూళి మరల మొదటి స్థితికే వచ్చును. తడుపుటకంటె తీసివేయుట మేలు, తీసివేయుటకంటె రాకుండ చూచుకొనుట మేలు.

వీథిధూళి ముతకది, చెత్తమంట పొగ అట్లు కాదు. రాలిన ఆకులను, వానితో కలిసిన పాలసంచులను, బిస్కట్టు కాగితములను వీధిమొగలో పోగుచేసి అగ్గిపుల్ల గీచినప్పుడు మంట పెద్దగా మండదు, కుమిలికుమిలి పొగయును. తగిన వేడిమి లేనందున అందులోని కర్బనపదార్థములు పూర్తిగా కాలక, 2.5 మైక్రానులకంటె ఎంతో సన్నని మసిరేణువులై వెలువడును. పీవీసీ ప్లాస్టిక్కు అందులో ఉన్నచో డయాక్సినులను ఘోరవిషములు పుట్టును. అవి పుట్టకుండ చెత్తను కాల్చవలెనన్నచో కొలిమిలో వేడిమి 850 డిగ్రీలకు తగ్గకుండ, వాయువులు ఆ వేడిమిలో రెండు సెకండులైనను నిలుచునట్లు చూడవలెను. వీధిమంటకు అది అసాధ్యము. 2016 నాటి ఘనవ్యర్థముల నియమములు ఇట్టి మంటను నిషేధించి, తడిచెత్తను పొడిచెత్తను అపాయకరమైనదానిని ఇంటియొద్దనే వేరుచేయవలెనని శాసించినవి. స్వచ్ఛ సర్వేక్షణములో 2017లో మూడవ స్థానమును, 2022లో నాలుగవ స్థానమును పొందిన విశాఖకు ఈ పని తెలియనిది కాదు. కాపులుప్పాడలోని చెత్తదిబ్బ ప్రాంతమున చెత్తనుండి 15 మెగావాట్ల విద్యుత్తును తీయు కర్మాగారమును నెలకొల్పిరి. అట్టి కర్మాగారమునకు తడిచెత్త శత్రువు; అరటితొక్కలోని నీటిని ఆవిరి చేయుటకే దాని వేడిమి వ్యయమగును. వంటింటిలో బుట్టలు వేరుగా పెట్టిన ఇల్లాలు ఆ కొలిమి వేడిమిని నిలబెట్టుచున్నది. కలిపి వేసిన యిల్లు దానిని చల్లార్చుచున్నది. తడిచెత్త దిబ్బగా పేరుకొనినచోట గాలి తగలక కుళ్ళి, సగము మీథేనుగల వాయువు పుట్టి, దిబ్బ లోలోపల అంటుకొనును. పైన నీరు చల్లినను ఆ నిప్పు దినములతరబడి చావదు. తడిచెత్తను ఎరువుగా మార్చుట గాలిని కాపాడు పనులలో చవుకైనది, చడీచప్పుడు లేనిది. అందుచేతనే కాబోలు ప్రారంభోత్సవములలో దానికి తగిన గౌరవము దక్కదు.

రేవులోని బొగ్గు నగరపాలక సంస్థ చేతిలోనిది కాదన్నమాట నిజమే. గుట్టలపై నీరు చల్లుట, కప్పులు గల గిడ్డంగులు కట్టుట, లారీలకు బదులు మూసిన పట్టీలమీదను రైలుపెట్టెలలోను సరకు పంపుట రేవువారు చేయవలసిన పనులు. వానిలో కొన్ని చేసిరి, మరికొన్ని ఇంకను వేగముగా జరుగవలసియున్నవి. కాని రేవు వాకిలి దాటిన లారీ నగరవీథిలోనికి వచ్చును. వాకిలియొద్ద చక్రములు కడుగు తొట్టి ఉన్నదా, టార్పాలిను నాలుగు మూలల కట్టినారా, బడులు విడుచు వేళలో ఆ దారిన భారవాహనములు రావచ్చునా యను ప్రశ్నలను అడుగు హక్కు నగరమునకు కలదు. రేవువారిని, కాలుష్యమండలివారిని, పోలీసులను ఒక్క బల్లచుట్టు కూర్చుండబెట్టి ఆ ప్రశ్నలకు సమాధానము వ్రాయించుకొనుట మేయరుకును కమిషనరుకును సాధ్యమైన పని. ఎన్నికైన సభ్యుడు తన వార్డు కిటికీ గట్లను తుడిచిన గుడ్డను ఆ బల్లమీద పెట్టినచో ఆ చర్చ త్వరగా తెమలునని నా నమ్మకము.

చెట్ల మాట చెప్పక తప్పదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖమీద పడి ఒక్కనాటిలో ఆ నగరపు పచ్చదనమును నేలకూల్చినది. ఆ మరునాడు కొండలు కాలినట్లు గోధుమవన్నెలో నిలిచియుండుట చూచినవారు ఆ దృశ్యమును మరువలేదు. నాటినుండి లక్షలకొలది మొక్కల మాట వినుచున్నాము. ఆకు ధూళిని పట్టును, నిజమే. కాని నగరపు ధూళిలో చెట్లు పట్టునది స్వల్పభాగమే యని శాస్త్రజ్ఞుల కొలతలు చెప్పుచున్నవి. ధూళి పుట్టుచోటికిని ఇండ్లకును నడుమ, నేలనుండి పైదాక సందు లేకుండ పొదలు, చెట్లు అంచెలుగా పెంచినచో అది గాలివేగమును తగ్గించి ముతకధూళిని అక్కడనే రాల్చును. అదే చెట్టు ఇరుకువీధిలో రెండువైపుల కమ్ముకొనినచో వాహనముల పొగను క్రిందనే పట్టియుంచును. వేప, కానుగ, పొగడ ఎక్కడ నాటవలెనో, ఎచ్చట నాటరాదో తెలిసి నాటుట వనశాఖ పనికంటె వైద్యుని పనికి దగ్గర.

పురపాలకుల చేతికి నిజమైన అధికారము వచ్చినప్పుడు ఏమి జరుగునో లండను నగరము చూపినది. 1952 డిసెంబరు 5 మొదలు 9 వరకు, ఇందాక చెప్పిన గాలిమూత ఆ నగరముపై కదలక నిలువగా, ఇంటింటి పొయ్యిలోని బొగ్గుపొగ క్రిందనే నిలిచిపోయి, ఆనాటి లెక్కలో సుమారు 4000 మంది, తరువాతి పరిశోధనల లెక్కలో 12000 మందివరకు మరణించిరి. 1956లో వచ్చిన స్వచ్ఛవాయు చట్టము స్థానిక పురపాలకములకు రెండు సాధనముల నిచ్చినది: తమ పరిధిలో పొగ నిషేధించిన మండలములను ప్రకటించు అధికారమొకటి, ఆ మండలములలోని గృహస్థులు పొయ్యి మార్చుకొనుటకగు వ్యయములో ఎక్కువపాలు ప్రజాధనమునుండి ఇచ్చు ఏర్పాటు రెండవది. నిషేధమును సహాయమును ఒకే చేతిలో ఉంచుట ఆ చట్టములోని వివేకము. మన నగరపాలక సంస్థ వీధిపక్కన బొగ్గులకుంపటి మీద మొక్కజొన్నపొత్తులు కాల్చుకొను వృద్ధురాలికి, కట్టెలపొయ్యిమీద టిఫిను చేయు బండివానికి, చెత్తకు నిప్పుపెట్టు కాపలాదారునకు దండుగ వేయగలదు. వేరొక పొయ్యి కొనిపెట్టు సొమ్మును మాత్రము వెదకికొనవలసియున్నది.

సొమ్ము ఎటు పోవుచున్నదను ప్రశ్న ఇచ్చట వచ్చును. స్వచ్ఛవాయు కార్యక్రమము మొదలైన తొలి అయిదేండ్లలో దేశమంతటను వ్యయమైన నిధులలో సుమారు 64 శాతము రోడ్లధూళికే పోయినది. పరిశ్రమల పొగకు ఒక శాతముకూడ చేరలేదు. నగరములకు మార్కులు వేయునది 10 మైక్రానుల ధూళి తగ్గుదలను బట్టి గనుక, ముతకధూళిని ఊడ్చినచో అంకె త్వరగా దిగును. వీధిధూళి ఇంత చెడ్డదని పుటలకొలది వ్రాసిన నేనే ఈ మాట చెప్పవలసివచ్చినందుకు చింతించుచున్నాను: అంకె దిగుట మేలేకాని, గుండెను కుట్టు సన్నధూళి చెత్తమంటనుండియు, డీజిలునుండియు, పొగగొట్టమునుండియు వచ్చుచున్నది, దానికి మార్కులు లేనందున దానికి తగినంత సొమ్మును లేదు. 2.5 మైక్రానుల కొలతను బట్టి నగరములకు నిధులిచ్చు పద్ధతి రావలెను. అంతవరకును నగరపాలక సంస్థ తన యిచ్ఛతోనే, మార్కులు రాని పనికి కొంత సొమ్ము కేటాయింపవలెను. చెత్తమంటలను ఆర్పుట అందులో మొదటిది, ఎందుకన అది మరియొకరి అనుమతి అక్కరలేని పని.

కడపటిసారి నేను ఆ పాతపేటకు పోయినప్పుడు, ఒక సందులో కాలువపూడిక తీయుచుండిరి. కుప్ప పోయుటకు బదులు చిన్న ట్రాక్టరుతొట్టిని కాలువప్రక్కనే ఆనించి, పారతో తీసిన బురదను తీసినట్లే అందులో వేయుచుండిరి. తొట్టి అడుగున రంధ్రములనుండి నీరు మరల కాలువలోనికే కారిపోవుచుండెను. తొట్టి నిండినంతనే పైన నీలపు టార్పాలిను లాగి కట్టి తీసికొనిపోయిరి. రోడ్డుమీద తడిమరకలు మాత్రము మిగిలినవి. ఎదురింటి ముసలమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి ఆ మరకలనుకూడ కాలువలోనికి కడిగివేసి, చీపురుకట్ట గోడకు ఆనించి, గడపమీద కూర్చున్నది.